ఎడారికి ఎగుమతి చేసిన బ్యాక్టీరియా: సౌదీ జీవన ఎరువుల మార్కెట్‌లో మా మూడు సీజన్లు

అల్ ఖర్జ్‌లో డీలరు గోడౌన్ షట్టర్ పైకెత్తగానే ముందు వాసన తగిలింది. మూడు రోజులు బయట మర్చిపోయిన దోసెపిండి వాసన. తర్వాత కళ్లు అలవాటు పడ్డాక కనిపించింది: అడుగు వరుస అట్టపెట్టెల్లో లీటరు డబ్బాలు బానపొట్టల్లా ఉబ్బి ఉన్నాయి, కొన్నిటి మూతలు లేచిపోయాయి, గచ్చు మీద గోధుమరంగు మరకలు. జులై నెల, పొద్దున తొమ్మిది గంటలు. పైన రేకులు, లోపల ఏసీ లేదు. డీలరు నా వైపు తిరిగి అరబీలో ఒక్క మాటే అన్నాడు: "మయ్యిత్." చచ్చిపోయింది అని.

ఆయన మాట సగమే నిజం. డబ్బా ఉబ్బిందంటే లోపల ఏదో ఒకటి బతికే ఉంది. మేం పోసింది కాదు, అంతే.

హైదరాబాద్ దగ్గర జీవన ఎరువులు, అంటే పంటకు మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా, తయారు చేసే ఒక మధ్యతరహా కంపెనీ తరఫున 2016 నుంచి 2019 దాకా సౌదీ వ్యవహారం నేను చూశాను. మాది అనంతపురం జిల్లా, చదివింది వ్యవసాయ మైక్రోబయాలజీ. కంపెనీ పేరూ, డీలరు పేరూ ఇక్కడ రాయను. రాసినా చదివేవాళ్లకు ఒరిగేదేం లేదు. ఇప్పటికీ మన దగ్గర చిన్న చిన్న యూనిట్ల వాళ్లు ఫోన్ చేసి "సార్, గల్ఫ్‌లో బయో మార్కెట్ ఎలా ఉంది?" అని అడుగుతుంటారు. మార్కెట్ ఉంది. నేలకు అవసరం ఉంది, రైతు దగ్గర డబ్బుంది, ప్రభుత్వానికి ఆసక్తి ఉంది. మా సరుకే దాని దాకా ప్రాణాలతో చేరలేదు. అది ఎందుకు చేరలేదో, ఎక్కడెక్కడ చచ్చిందో, వరసగా చెప్తాను.

ఇసుక, సున్నం, ఉప్పు

మన దగ్గర జీవన ఎరువు అంటే రైతుకు గుర్తొచ్చేది పప్పుజాతి మొక్కల వేళ్లలో చేరి నత్రజని అందించే బ్యాక్టీరియా, 200 గ్రాముల రైజోబియం ప్యాకెట్. బెల్లం పాకంలో కలిపి, వేరుశనగ విత్తనానికో కంది విత్తనానికో పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆ పూటే విత్తుకోవడం. ఆ ప్యాకెట్ పడే నేల ఎంత నిస్సారమైనదైనా అందులో కాస్త సేంద్రియ కర్బనం ఉంటుంది, వాన పడితే పైపొర చల్లబడుతుంది. బ్యాక్టీరియా తినడానికి ఇంత తిండి, తలదాచుకోవడానికి ఇంత తేమ దొరుకుతాయి.

సౌదీ సాగు భూముల్లో ఈ రెండూ లేవు. ఎక్కువ భాగం ఇసుక, దాంట్లో సున్నం. పీహెచ్ 8 చుట్టూ తిరుగుతుంది. సేంద్రియ పదార్థం ఒక శాతం కూడా ఉండదు, చాలా చోట్ల అందులో సగం కూడా ఉండదు. బోరు నీళ్ల ఈసీ, అంటే ఉప్పును చెప్పే కొలత, 3, 4 ఉండటం మామూలే. అంటే మన దగ్గర రైతు నాలుక మీద వేసుకుని "ఉప్పులు బాబూ" అని ఊసేసే నీళ్లు. వేసవిలో రియాద్ చుట్టుపక్కల పగటి ఎండ 43, 45 డిగ్రీలు; పైన ఆచ్ఛాదన లేని ఇసుక దానికంటే ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. చెప్పుల్లేకుండా నిలబడలేం.

మేం వెళ్లేటప్పుడు చంకలో పెట్టుకెళ్లిన ప్రధాన వాదన భాస్వరం. సున్నపు నేలల్లో వేసిన డీఏపీలో చాలా భాగం కాల్షియంతో కట్టుబడిపోతుంది, మొక్కకు అందదు, మా ఫాస్ఫోబాక్టీరియా సేంద్రియ ఆమ్లాలు వదిలి దాన్ని కరిగిస్తుంది అని. ల్యాబులో ఇది చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కరగని ట్రైకాల్షియం ఫాస్ఫేట్ కలిపిన పాలలాంటి అగార్ ప్లేటు మీద బ్యాక్టీరియా కాలనీ చుట్టూ గాజులా స్వచ్ఛమైన వలయం ఏర్పడుతుంది. ఆ ఫొటో మా బ్రోచర్ మొదటి పేజీలో ఉండేది. ఒక జోర్డాన్ అగ్రానమిస్టు, ముప్పై ఏళ్లుగా అక్కడి నేలలు తవ్వుతున్న మనిషి, ఆ ఫొటో చూసి నవ్వాడు. "నీ ప్లేటులో సున్నం ఎంత? నా పొలంలో పది శాతం పైన ఉంది. నీ బ్యాక్టీరియా వదిలిన ఆమ్లాన్ని ముందు ఆ సున్నం తాగేస్తుంది, మిగిలితే కదా భాస్వరం దాకా వచ్చేది" అన్నాడు. ఆయన చెప్పింది కొత్త విషయం కాదు, పుస్తకాల్లో ఉన్నదే. అమ్మకానికి బయల్దేరినవాడికి పుస్తకాలు అంతగా గుర్తుండవు. ఆ రోజు నుంచి ఆ ఫొటో చూపించడం మానేశాను. కంపెనీ బ్రోచర్‌లో మాత్రం అది ఇంకో ఏడాది ఉంది.

నత్రజని వాదన ఇంకా బలహీనం. సౌదీ అరేబియా సహజవాయువుతో యూరియా తయారుచేసి ప్రపంచానికి అమ్మే దేశం. అప్పటి సాఫ్కో, 2021 నుంచి సాబిక్ అగ్రి న్యూట్రియెంట్స్ అయిన కంపెనీ ఫ్యాక్టరీలు జుబైల్‌లో ఉన్నాయి. డీఏపీ సంగతీ అంతే: ఉత్తరాన అల్ జలామిద్‌లో ఫాస్ఫేట్ తవ్వి, తూర్పు తీరాన రాస్ అల్ ఖైర్‌లో ఎరువు చేస్తుంది మాదెన్ అనే సౌదీ గనుల కంపెనీ. ఇంట్లోనే యూరియా పండే దేశానికి వెళ్లి గాలిలోని నత్రజనిని పట్టిచ్చే "మా అజటోబాక్టర్ వాడితే యూరియా మిగులుతుంది" అనడం, గోదావరి ఒడ్డున నిలబడి నీళ్ల సీసా అమ్మడం లాంటిది.

లూసర్న్ మీద పెట్టుకున్న ఆశ

మాకు అసలు ఆశ లూసర్న్ గడ్డి. అక్కడ దాన్ని బర్సీమ్ అంటారు. విమానంలోంచి కిందికి చూస్తే ఎడారి మీద పచ్చ నాణేలు పేర్చినట్టు గుండ్రటి మళ్లు కనిపిస్తాయి, మధ్యలో కీలు చుట్టూ తిరిగే పొడవాటి పైపుతో నీళ్లు చల్లే సెంటర్ పివట్ పొలాలు. వాటిలో పెద్ద వాటా అప్పట్లో లూసర్నే. అది పప్పుజాతి మొక్క, దానికి తగిన రైజోబియం వేరే, అరేబియా ఇసుకల్లో అది సహజంగా తగినంత ఉంటుందన్న భరోసా లేదు. విత్తనానికి పట్టించే కల్చర్‌కు ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంటుంది? ఎక్సెల్ షీటులో హెక్టార్లను ప్యాకెట్లతో గుణించి మా మార్కెటింగ్ వాళ్లు పెద్ద సంఖ్య ఒకటి తయారు చేశారు. ఆ సంఖ్య చూసే నన్ను పంపారు.

2015 డిసెంబరులోనే సౌదీ మంత్రిమండలి పచ్చగడ్డి సాగును మూడేళ్లలో ఆపెయ్యాలని నిర్ణయించింది. కారణం నీళ్లు. అప్పట్లో ఆ దేశంలో వాడే నీటిలో ఎనభై శాతం పైన సాగుకే పోయేది, అందులో ఎక్కువ భాగం వేల ఏళ్ల కిందట భూమిలో చేరిన, తిరిగి నిండని నీరు. గోధుమ విషయంలో ఒకసారి దెబ్బ తిన్నారు. 1980లలో సబ్సిడీలు గుమ్మరించి, 1990ల మొదట్లో ఏటా నలభై లక్షల టన్నుల దాకా పండించి ఎగుమతి చేశారు. నీటిమట్టాలు పడిపోయాక 2008లో వెనక్కి తిరిగి, ఏటేటా తగ్గించుకుంటూ 2016కల్లా ప్రభుత్వ కొనుగోలు ఆపేశారు. ఇప్పుడు గడ్డి వంతు వచ్చింది. పెద్ద డెయిరీలు ముందే చూసుకున్నాయి: అల్మరాయ్ 2014లో అమెరికాలోని అరిజోనాలో భూమి కొని, అక్కడ లూసర్న్ పండించి ఓడలో తెప్పించుకోవడం మొదలుపెట్టింది. అదీ ఎడారే, అక్కడా భూగర్భ జలమే. ఆ గొడవ తర్వాత అరిజోనా రాజకీయాల్లో పెద్దదైంది. అది మన కథ కాదు.

మన కథేమిటంటే, నేను 2016లో దమ్మామ్‌లో దిగేసరికి మా ఎక్సెల్ షీటులోని పంటకు మరణశాసనం అప్పటికే రాసి ఉంది. వార్త రహస్యమేం కాదు, అన్ని పత్రికల్లోనూ వచ్చింది. హైదరాబాద్‌లో మేం ఎవరం చదవలేదు. మార్కెట్ సర్వే అంటే ఇండియాలో కూర్చుని పాత దిగుమతి గణాంకాలు చూడటం అనుకున్నాం. ఎరువుల మార్కెట్‌కు అక్కడ మొదటి నియంత రైతు కాదు, నీటి విధానం. ఏ పంట ఉంటుందో, ఏది పోతుందో అది తేలుస్తుంది. మిగిలేవి ఖర్జూరం, గ్రీన్‌హౌస్ కూరగాయలు, హాయిల్ వైపు బంగాళదుంప, అల్ జౌఫ్ ఆలివ్ తోటలు. మేం ఖర్జూరానికి తిరిగాం. దేశంలో మూడు కోట్ల పైచిలుకు చెట్లున్నాయి, వాటిని ఎవరూ నిషేధించరు.

దారిలో చావు

ఇక వేడి. మేం పంపింది ద్రవరూప మిశ్రమం: అజోస్పైరిల్లం, అజటోబాక్టర్, ఒక సూడోమోనాస్, రెండు రకాల బాసిల్లస్. మన దేశంలో 2006 నుంచి జీవన ఎరువులు ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. ద్రవరూపానికి మిల్లీలీటరుకు పది కోట్ల జీవకణాలు, పొడికైతే గ్రాముకు అయిదు కోట్లు ఉండాలన్న కొలత ఉంది. మా ఫ్యాక్టరీలో బయల్దేరేటప్పుడు అంతకంటే ఎక్కువే ఉండేవి. లేబుల్ మీద ఆ సంఖ్యే అరబీలో అచ్చు వేశాం.

ఆ జులై తర్వాత, మూడో వరుస అట్టపెట్టెల్లోంచి ఉబ్బని డబ్బాలు ఆరు ఏరి, రియాద్‌లో తెలిసినవాళ్ల ల్యాబులో కూర్చుని లెక్క పెట్టాను. ఒక మిల్లీలీటరు తీసుకుని పదో వంతుకు, దాన్ని మళ్లీ పదో వంతుకు, ఇలా పలచన చేసుకుంటూ పోయి ప్లేట్ల మీద పరిచి మర్నాడు, మూడో నాడు కాలనీలు లెక్కించడం. పాత పని, చేతులకు అలవాటైన పని. అజోస్పైరిల్లం ప్లేట్లు తుడిచిన అద్దంలా ఉన్నాయి. పలచన చేయని శాంపిల్ పోసినా అక్కడొకటి ఇక్కడొకటి. సూడోమోనాస్ అసలే లేదు. అజటోబాక్టర్ కొంచెం మెరుగు, దానికి సిస్టు అనే గట్టి కవచం కట్టుకునే గుణం ఉంది. బాసిల్లస్ మాత్రం దాదాపు బయల్దేరినప్పటి లెక్కలోనే ఉంది. ఇందులో వింతేం లేదు. బాసిల్లస్ సిద్ధబీజాలు (స్పోర్లు) చేసుకుంటుంది, అవి గట్టి పెంకులో నిద్రపోయే కణాలు. 80 డిగ్రీల నీళ్లలో పది నిమిషాలు ఉంచితే మామూలు కణాలన్నీ చచ్చి, బీజాలు మాత్రం మిగులుతాయి. బీజాలను వేరు చేయడానికి ల్యాబుల్లో చేసేదే అది. కంటెయినరు మాకు ఆ ప్రయోగం ఉచితంగా చేసిపెట్టింది.

ఎక్కడ చచ్చాయో తెలుసుకోవాలని తర్వాతి సరుకులో రెండు టెంపరేచర్ లాగర్లు, అంటే వేడిని గంట గంటకూ రాసుకునే చిన్న పరికరాలు, పెట్టాం. నాలాంటి ఉద్యోగం చేసే ఎవరికైనా నేనిచ్చే సలహా ఒక్కటే ఉంటే అదే. ఒక్కోటి రెండు మూడు వేల రూపాయలు, అట్టపెట్టెలో పడేస్తే చాలు, ఎవరితోనూ వాదన పెట్టుకోనక్కర్లేదు. ఓడలో అంత చెడ్డగా లేదు. పోర్టులో క్లియరెన్స్ కోసం నిలబడ్డ రోజుల్లో పగలు 50 దాటి, రాత్రి 35కు దిగి, మళ్లీ 50. గ్రాఫు రంపపు పళ్లలా ఉంది. అసలైన శిఖరం దమ్మామ్ నుంచి రియాద్‌కు నాలుగు వందల కిలోమీటర్ల దారి అయ్యాక, గోడౌన్ గేటు ముందు కనిపించింది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు బయట ఎండలో పని చేయించకూడదని అక్కడ నిబంధన. మంచి నిబంధన, మనవాళ్ల ప్రాణాలు కాపాడుతుంది. లారీ పదకొండున్నరకు వచ్చింది. దించేవాళ్లు లేరు. మూడింటి దాకా రేకు బాడీ లారీ ఎండలో నిలబడింది. ఆ మూడున్నర గంటల్లో లాగర్ 61 చూపించింది.

మనుషులను ఎండ నుంచి తప్పించే గంటల్లోనే మా సరుకు ఎండలో ఉడికిందన్న మాట. ఎవరిని తప్పు పడతాం? లారీ రాత్రి చేరేలా టైము చూసుకోవాల్సింది మేము.

చల్లగా ఉంచే రీఫర్ కంటెయినర్ ఎందుకు వాడలేదని అడుగుతారు. అడిగాం, లెక్కలు వేశాం. మా అంత చిన్న సరుకుకు దాని ఖర్చు లీటరు మీద పడితే, పక్కనే పెట్టి అమ్మే స్పెయిన్ హ్యూమిక్ ద్రావణం కంటే మాది ఖరీదైపోతుంది. పైగా రీఫర్ డీలరు గోడౌన్ గేటు దాకానే. లోపల మళ్లీ అవే రేకులు. ఆ తర్వాత బురైదాలో ఎరువుల దుకాణం అద్దాల షోకేసు. పడమటి ఎండ నేరుగా పడే షోకేసులో, రంగు బాగుందని, మా డబ్బాలు ముందు వరసలో పెట్టాడు ఆ దుకాణదారు. ఎంతో ప్రేమతో.

జగిత్యాల అన్న చెప్పిన సంగతి

ఖసీమ్ ప్రాంతంలో ఒక పెద్ద ఖర్జూర తోటలో ట్రయల్ పెట్టాం. సుక్కరీ రకం, వరసకో పైపు, ప్రతి చెట్టు చుట్టూ నీళ్లు వదిలే బబ్లర్లు. ఈసారి డబ్బాలు నేనే విమానంలో తెప్పించి, ఏసీ గదిలో పెట్టి, ప్లేట్ లెక్క చూసుకుని మరీ ఇచ్చాను. లెక్క బాగుంది. ఈజిప్టు నుంచి వచ్చిన ముహందిస్, అంటే తోట ఇంజనీరు, ఉత్సాహంగా ఒప్పుకున్నాడు. మూడు నెలల తర్వాత వేర్ల దగ్గర మట్టి తీసి చూస్తే, మా బ్యాక్టీరియా వేసిన వరసకూ వేయని వరసకూ తేడా లేదు. ఇంజనీరు మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. అననందుకే నాకు టెన్షన్ పెరిగింది.

నాలుగోసారి వెళ్లినప్పుడు ఇంజనీరు ఊళ్లో లేడు. పంప్‌హౌస్ నీడలో కూర్చున్నాను. మోటార్లు చూసే మనిషి నా ఫోన్‌లో తెలుగు విని దగ్గరికొచ్చాడు. జగిత్యాల వైపు ఊరు, మజ్రాలో, అంటే తోటలో, పన్నెండేళ్లుగా పని. చాయ్ ఇచ్చాడు. ఆ మందు మీరే కలుపుతారా అన్నా అని మామూలుగా అడిగాను.

"నేనే కలుపుత సార్. గీ ట్యాంకుల్నే."

"ఈ ట్యాంకులో ఇంకేం కలుపుతారు?"

"పొద్దుగాల ఆసిడ్ వోస్తం. పైపులల్ల సున్నం పడ్తది కద, లేకుంటె బంద్ అయితయి. గది అయినంక మీ మందు వోస్త."

"మధ్యలో ట్యాంకు కడుగుతారా?"

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "కడగాల్నని ఎవ్వలు చెప్పలే సార్."

నిజమే. ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్లు ఆ పైపులను నడిపిస్తున్న మనిషిని మేం ఎవరం ఏమీ అడగలేదు. మా ట్రైనింగ్ ప్రోగ్రాములు రియాద్ హోటల్లో, ఓనర్లకూ ఇంజనీర్లకూ, అరబీ స్లైడ్లతో, లంచ్‌తో జరిగాయి. వాడకం సూచనల కాగితం అరబీలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ట్యాంకు మూత తెరిచే చెయ్యి తెలుగుది. పక్క తోటలో బెంగాలీది, అవతలి తోటలో ఉర్దూది.

సున్నపు నీళ్లున్న చోట డ్రిప్ లైన్లు పూడుకుపోకుండా ఫాస్ఫారిక్ ఆమ్లమో నైట్రిక్ ఆమ్లమో పంపడం తప్పనిసరి. అది వెళ్లిన ట్యాంకులో అడుగున మిగిలే నాలుగు వేళ్ల ద్రావణం చాలు, మా సిద్ధబీజాలు కాని కణాలన్నిటినీ చంపడానికి. కొన్ని తోటల్లో రాగి మందులు కూడా అదే ట్యాంకులోంచి పోతాయి. కొన్ని చోట్ల క్లోరిన్ కలిపిన నీళ్లు. జీవన ఎరువు సీసా మీద "రసాయనాలతో కలపకూడదు" అని రాసి ఉంటుంది, మన దగ్గర కూడా. అక్కడ కలపడం కాదు జరిగేది. ఒకే పాత్ర, ఒకే పైపు, గంట తేడాలో. దాన్ని కలపడం అని ఎవరూ అనుకోరు.

ఆ సాయంత్రం అక్కడే కూర్చుని చేత్తో ఒక కాగితం రాశాం, తెలుగులోనే. ముందు రోజు ఆసిడ్ వద్దు. ట్యాంకు రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. సూర్యాస్తమయం తర్వాత మందు వెయ్యాలి. నీళ్లు పారడం మొదలైన అరగంటకు వెయ్యాలి, తర్వాత పావుగంట ఉత్త నీళ్లు పారాలి, మందు వేర్ల జోన్ దాటి కిందికి పోకుండా ఎక్కువసేపు వదలకూడదు. చివరి వాక్యం ఆయన చెప్పిందే. ఇసుకలో నీళ్లు ఎంత తొందరగా దిగిపోతాయో ఆయనకు నాకంటే బాగా తెలుసు. తర్వాత ఆ కాగితాన్నే ఉర్దూ, బెంగాలీ, అరబీల్లోకి మార్పించి ల్యామినేట్ చేసి ఇచ్చాం. మూడేళ్లలో మేం చేసిన ఖర్చుల్లో అంత చవకదీ, అంత పనికొచ్చిందీ ఇంకొకటి లేదు.

ఇంకో చిన్న పాఠం కూడా ఆ పంప్‌హౌస్‌లోనే. మా దగ్గర బాసిల్లస్ పొడి టాల్క్‌లో ఉండేది. మన దగ్గర పశువుల ఎరువులో కలిపి చల్లుతారు కాబట్టి ఇబ్బంది లేదు. డ్రిప్ ఫిల్టర్లో టాల్క్ పోస్తే జల్లెడ పూడుకుపోతుంది. "సార్, గిది ముగ్గుపిండి లెక్కుంది" అన్నాడు జగిత్యాల అన్న, ఫిల్టర్ విప్పి చూపించి. నీళ్లలో పూర్తిగా కరిగే చక్కెర జాతి పొడిలోకి మార్చేదాకా పొడి అమ్మకం ఆపేశాం.

కంపోస్టు దారి

రెండో ఏడాది చివర్లో మేం మా సరుకును కోసి కుదించాం. ద్రవ మిశ్రమం మానేశాం. బాసిల్లస్ ఒక్కటే, కరిగే పొడిగా. తేమ లేని పొడిలో సిద్ధబీజం నిద్రపోతున్న విత్తనం లాంటిది, గోడౌన్ రేకులు దాన్ని అంతగా బాధించవు. వేళ్లతో కలిసి బతికి భాస్వరం అందించే శిలీంధ్రం మైకోరైజా నర్సరీలకు మాత్రం, అదీ టిష్యూ కల్చర్ ఖర్జూర మొక్కలు కుండీల్లో ఉన్న దశలో. పెద్ద తోటల్లో డీఏపీ ధారాళంగా పడే చోట మైకోరైజా వేరును పట్టుకోదు, భాస్వరం పుష్కలంగా దొరికితే మొక్క దాన్ని దగ్గరకు రానివ్వదు. ఇంట్లో అన్నం ఉంటే క్యారియర్ ఎవరు తెప్పించుకుంటారు?

హైదరాబాద్ ఆఫీసులో దీనికి పెద్ద గొడవైంది. అయిదు రకాల బ్యాక్టీరియా ఉన్న డబ్బా "కన్సార్షియం" అని గొప్పగా వినిపిస్తుంది. ఒకే రకం పొడి అంటే తక్కువైనట్టు. డబ్బాలో అయిదు ఉన్నా తోటలో ఒకటే ఉంది సార్ అని ప్లేట్ల ఫొటోలు మెయిల్ చేశాను. చాలా రోజులు జవాబు రాలేదు.

అసలు మార్పు మరోచోట వచ్చింది. ఇసుకలో బ్యాక్టీరియాకు తిండి లేదన్న మొదటి సమస్య ఎలా తీసినా తీరలేదు. ఎంత బతికున్న సరుకు వేసినా వారాల్లో దాని సంఖ్య పడిపోతుంది. తిండి తనతో పాటు వెళ్లాలి. అల్ ఖర్జ్‌లో ఆ తిండి కుప్పలుగా ఉంది: ప్రపంచంలోనే పెద్దదిగా గిన్నిస్ రికార్డుకెక్కిన అల్ సాఫీ డెయిరీ ఉన్నది ఆ ప్రాంతంలోనే, ఇంకా ఎన్నో పెద్ద డెయిరీలున్నాయి, వాటి పేడ ఉంది. ఖర్జూర తోటలు ఏటా నరికి పారేసే మట్టలు ఉన్నాయి. కంపోస్టు తయారీదార్లు అప్పటికే ఉన్నారు. మేం చేసిందల్లా, కుప్ప లోపలి వేడి తగ్గి మాగే దశలో, బస్తాకెత్తే ముందు మా పొడి కలపమని వాళ్లతో మాట్లాడటం. ముందే కలిపితే కుప్పలో 60 డిగ్రీల దాకా వేడి ఉంటుంది, పైగా ఇతర సూక్ష్మజీవులతో పోటీ.

అక్కడ ఖర్జూర రైతుకు ఒక పాత అలవాటు ఉంది. చలికాలంలో, పూత రాకముందు, చెట్టు చుట్టూ పాదు తవ్వి ఎరువు వేసి పూడుస్తాడు. గొర్రెల ఎరువు, ఆవుల ఎరువు, ఏది దొరికితే అది. ఆ పాదులోకి మా సరుకు కంపోస్టుతో పాటు వెళ్లింది. నేల చల్లగా ఉండే కాలం, నీడ, తేమ, తిండి. మందును పైపులోకి లాగే వెంచురి లేదు, ఆసిడ్ ట్యాంకు లేదు. రైతుకు కొత్త పని ఏదీ నేర్పక్కర్లేదు. చేస్తున్న పనిలోనే దూరాం. మన దగ్గర ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని పశువుల ఎరువులో మాగబెట్టి వేయమని చెప్పే పద్ధతికి ఇది బంధువే. అంత దూరం తిరిగి మళ్లీ మన ఊరి దిబ్బ దగ్గరికే వచ్చినట్టు అనిపించింది.

దిగుబడి ఎంత పెరిగిందని అడగొద్దు. ఆ ట్రయల్లో కంపోస్టు ఒక్కటే వేసిన వరసలు వేరే పెట్టలేదు, మా వ్యాపార తొందర అది. చెట్లు బాగున్నాయి. అది కంపోస్టు వల్లా, మా బాసిల్లస్ వల్లా అని తేల్చే సాక్ష్యం నా దగ్గర లేదు. నిజాయితీగా పందెం వెయ్యమంటే పెద్ద వాటా కంపోస్టుకే వేస్తాను. రైతు రెండో ఏడాది కూడా బస్తాలు కొన్నాడన్నది మాత్రం రశీదుల్లో ఉంది.

అక్కడి ఎడారి మొక్కల వేళ్లలోంచే బ్యాక్టీరియా ఏరే పని కూడా జరుగుతోంది. జెద్దా దగ్గర కాస్ట్ (కింగ్ అబ్దుల్లా సైన్స్ అండ్ టెక్నాలజీ) విశ్వవిద్యాలయం వాళ్లు జాజాన్ ప్రాంతంలోని ఒక అడవి నీలి జాతి మొక్క వేరుబుడిపెల నుంచి ఎస్‌ఏ187 అనే రకాన్ని తీశారు. ఉప్పు నీళ్లతో పెంచిన లూసర్న్‌లో అది దిగుబడి పెంచిందని 2018లో ప్రచురించారు. దిశ సరైనదే, ఆ వేడికి పుట్టిపెరిగిన జీవి ఆ వేడికి ఓర్చుకుంటుంది. కాకపోతే అది ఎంటెరోబాక్టర్, సిద్ధబీజాలు చేసుకునే రకం కాదు. సీసాలో పోసి బురైదా షోకేసులో పెట్టిన రోజు దానికీ అదే పరీక్ష ఎదురవుతుంది.

"బయో" అన్న మాట

పోటీ గురించి రెండు ముక్కలు. దుకాణంలో మా పక్కన ఉండేవి సముద్రపు నాచు సారం, హ్యూమిక్ ఆమ్లం, అమైనో ఆమ్లాలు. అన్నిటి మీదా ఆకుపచ్చ ఆకు బొమ్మ, "బయో" అన్న ముక్క. వాటిలో ప్రాణం లేదు, కాబట్టి చావు లేదు. ఎండలో పెట్టినా రెండేళ్లు అమ్ముకోవచ్చు. వేసిన వారానికే ఆకు నిగనిగలాడుతుంది. దుకాణదారు దృష్టిలో ఆదర్శమైన సరుకు అది. ఆ మందులు మోసం అనను, పని చేసేవి ఉన్నాయి. కానీ రైతు "బయో" అని అడిగినప్పుడు దుకాణదారు చెయ్యి అటే పోతుంది. రిజిస్ట్రేషన్ దగ్గర మాత్రం బతికున్న సరుకు కాబట్టి మాకే కాగితాలు ఎక్కువ. ఒక్కో కాగితానికి "బుక్రా, ఇన్షాల్లా". రేపు అని అర్థం, నిఘంటువులో.

మేం డబ్బా మీద తయారీ తేదీ కింద ఇంకో తేదీ అచ్చు వేయడం మొదలుపెట్టాం: రియాద్‌లో లెక్కపెట్టిన తేదీ, వచ్చిన సంఖ్య. దుకాణదార్లకు నచ్చలేదు, పాత సరుకు బయటపడిపోతుందని. పెద్ద తోటల ఇంజనీర్లకు నచ్చింది. మూడో ఏడాదికి దుకాణాల అమ్మకం బాగా పడిపోయి, తోటలకూ కంపోస్టు యూనిట్లకూ నేరుగా వెళ్లేది పెరిగింది. మొత్తం కలిపితే 2016 ఎక్సెల్ షీటులోని సంఖ్యకు దరిదాపుల్లో లేదు.

2019లో కంపెనీ ఒక నియమానికి ఒప్పుకుంది: ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా గల్ఫ్‌కు సరుకు పంపేది లేదు. అక్టోబరులో ఓడ ఎక్కాలి, పాదులు తవ్వే వేళకు అక్కడుండాలి. ఆ నియమం పెట్టిన ఏడాదే జూన్‌లో డీలరు ఫోన్ చేశాడు. ఆగస్టులో బురైదా ఖర్జూరం సంత మొదలవుతుంది, రైతుల చేతిలో డబ్బు ఆడే కాలం, ద్రవరూపం రెండు వేల లీటర్లు వెంటనే కావాలి, అడ్వాన్సు ఇస్తానన్నాడు. "మయ్యిత్" అన్న మనిషే. చలికాలం దాకా ఆగండి, పొడి పంపుతాను అన్నాను. ఆయన నవ్వి, రైతు చలికాలంలో బేరమాడతాడు, సంతలో ఆడడు అన్నాడు.

పది రోజుల తర్వాత ఆయన ఇంకో దేశం నుంచి ఆ సరుకే తెప్పించుకున్నాడని తెలిసింది. లేబుల్ మీద మిల్లీలీటరుకు వంద కోట్లు అని ఉందట.